టిల్కాట్ గారికి శాలువా

మోరిస్‌విల్,
ఫిబ్రవరి 4.

మోరిస్‌విల్ తెలుగు సమితి సావనీర్ కార్యదర్శి మృదుల గారికి,

నమస్కారాలు. ఈ ఏడాది సమితితో వ్యవహారమంతా కాగితం మీద, తెలుగులో, చేత్తో రాసి పోస్టు చేయాలని మీ ప్రెసిడెంటు భాస్కర్ గారు నియమం పెట్టారట. ఉత్తరం రాయడం మరిచిపోయిన వాళ్ళకి మళ్ళీ నేర్పుతారట. మంచిదే. మీ ఇల్లు మాకు రెండు సిగ్నళ్ళ అవతలే అని విన్నాను. అయినా ఈ కవరు రాలీలోని పెద్ద పోస్టాఫీసు దాకా వెళ్ళి, ముద్ర వేయించుకుని, తిరిగి మన ఊరికే రావాలి. ఆలోగా నాకు కాలు నిలవదు.

నేను రిటైరైన మత్తు డాక్టర్ని. ఆపరేషన్‌కి ముందు మనిషిని నిద్రపుచ్చడం, అయ్యాక లేపడం నా పని. రిటైరయ్యాక ఒకచోట కూర్చోలేకపోతున్నాను. గరాజ్ సర్దాను. నచ్చక మళ్ళీ సర్దాను. ఎక్కడ ఏ ఇంటి ముందు సేల్ బోర్డు కనబడినా కారు ఆపేస్తాను. అలా డర్హమ్‌లో ఎవరో పోయిన వాళ్ళింట సామాను అమ్ముతుంటే ఒక బొమ్మ కంటబడింది.

ఇంగ్లండ్‌లో రాజుగారికి మతి చలించి, కొడుకు ఆయన పేరు మీద ఏలుతున్న రోజుల్లో అచ్చు వేసిన బొమ్మ అది. ఒకడు కుర్చీలో ఉన్నాడు. ఇంకొకడు అతని ఛాతీ మీద మోకాలు పెట్టి పన్ను పీకుతున్నాడు. చుట్టూ చేరిన వాళ్ళు నవ్వుతున్నారు. మత్తుమందు ఇంకా పుట్టలేదు. నవ్వించడానికే గీసిన బొమ్మ, నాకూ నవ్వొచ్చింది. కానీ కుర్చీ చేతిని పట్టుకున్న ఆ రోగి వేళ్ళు మాత్రం ఎంత శ్రద్ధగా గీశాడో చెప్పలేను. నేను జీవితమంతా చేసిన పని ఆ వేళ్ళని వదులు చేయించడమే కదా. గీసినవాడి పేరు ఆంబ్రోస్ టిల్కాట్. అప్పటినుంచి ఆయన వెంట పడ్డాను.

'ఆంబ్రోస్ టిల్కాట్ గారు: వృత్తి, కృతులు' అనే నా వ్యాసం జతచేస్తున్నాను. కాస్త పెద్దది. మా ఆవిడ ప్రమోద రెండో పేజీలో ఉండగా కుక్కర్ కూత వేసిందని లేచింది. కుక్కర్ ఆ పూట సింక్‌లో ఉంది. మా అబ్బాయి అనూప్ "నాన్నా, సమ్మరీ చేయించి చదువుతాలే" అని ఫోన్‌కి అప్పగించాడు. ఫోను మూడు వాక్యాల్లో టిల్కాట్‌ని తేల్చేసింది. అందులో ఒకటి తప్పు.

నాకు పేరు అక్కర్లేదు. ఎవరో ఒకరు దీన్ని మొదటినుంచి చివరిదాకా చదివి, "ఇదిగో, ఇక్కడ మీరు తప్పు" అని చెబితే చాలు. నాకు కావలసింది అంతే. అది మీ సావనీర్ వల్లైనా జరుగుతుందేమోనని పంపుతున్నాను.

ఇట్లు,
సూర్యప్రకాశరావు

తా.క. ఎంతోమంది చేత కళ్ళు మూయించాను. ఇప్పుడు ఒక్కళ్ళ కళ్ళు తెరిచి ఉంచడం నా వల్ల కావడం లేదు.


మోరిస్‌విల్,
ఫిబ్రవరి 17.

పెద్దలు డాక్టర్ సూర్యప్రకాశరావు గారికి,

నమస్తే. మీ ఉత్తరం, వ్యాసం అందాయి. మా చిన్నది సాకర్ ప్రాక్టీస్ ముగించేలోగా కార్లో కూర్చుని స్టీరింగ్ మీద పెట్టి రాస్తున్నాను. అక్షరాలు కొండలెక్కి దిగుతుంటే ఏమీ అనుకోకండి.

ఆదివారం కమిటీ మీటింగ్‌లో మీ వ్యాసం పేరు చదివి వినిపించాను. టిల్కాట్ పేరు చివర 'గారు' వినగానే అందరికీ ఉత్సాహం వచ్చింది. భాస్కర్ గారు, "ఆర్టిస్టా? వెరీ గుడ్. పేపర్లో వేసి ఊరుకోవడం కాదు, మనిషినే కన్వెన్షన్‌కి ఇన్వైట్ చేద్దాం. స్టేజ్ మీద శాలువా కప్పుదాం" అన్నారు. మన సమితి సంగతి మీకు తెలియనిది కాదు. శాలువాలు ఇండియా నుంచి పెట్టెలకొద్దీ వచ్చి ఉన్నాయి, కప్పించుకోవడానికే మనుషులు దొరకడం లేదు. తీర్మానం ఏకగ్రీవంగా పాసైంది.

కన్వెన్షన్ మే నెలాఖరున, మెమోరియల్ డే వారాంతంలో. టిల్కాట్ గారు ఏ ఎయిర్‌పోర్ట్ నుంచి వస్తారో, వీల్‌చెయిర్ చెప్పాలో వద్దో, సతీసమేతంగా వస్తారో లేదో దయచేసి వెంటనే తెలియజేయగలరు. ఆవిడ కూడా వస్తే చీర సిద్ధం చేయాలి. హోటల్‌లో బుక్ చేయాలా, మీ ఇంట్లోనే దిగుతారా అన్నది కూడా రాయండి.

గౌరవంతో,
మృదుల

తా.క. టిల్కాట్ గారు ఉల్లి, వెల్లుల్లి తింటారా అని ఫుడ్ కమిటీ అడగమంది.


మోరిస్‌విల్,
ఫిబ్రవరి 24.

మృదుల గారికి,

నమస్కారం. టిల్కాట్ గారు ఉల్లి తినరు, వెల్లుల్లి తినరు, ఏమీ తినరు. ఆయన పోయారు. ఇవాళా నిన్నా కాదు, రెండు వందల ఏళ్ళు కావస్తోంది. మొదటి పేజీ చదివినా మీకు ఈ సంగతి తెలిసేది. మీ ఉత్తరం పట్టుకుని ఇల్లంతా తిరిగాను. ప్రమోద "కూర్చుని కోప్పడొచ్చుగా" అంది.

మీరు చదవలేదు కాబట్టి నేనే చెబుతాను, వినండి. టిల్కాట్ బ్రిస్టల్‌లో గుర్రపు జీన్లు కుట్టే వాళ్ళింట పుట్టాడు. దుకాణాల కార్డులు చెక్కేవాడి దగ్గర పనికి పెట్టారు. రాగి రేకు మీద మైనం పూసి, సూదితో బొమ్మ గీసి, ఆమ్లంలో ముంచాలి. గీత పడిన చోటల్లా ఆమ్లం రాగిని తినేస్తుంది. ఆ గాట్లలో సిరా నింపి కాగితం మీద అచ్చు తీస్తారు. తర్వాత ఆడవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్క అచ్చుకీ చేత్తో రంగులు అద్దేవాళ్ళు. అవి లండన్‌లో అంగళ్ళ కిటికీలకి వేలాడదీస్తే, కొనలేని జనం వీధిలో నిలబడి చూసి నవ్వుకునేవారు. ఊళ్ళో ఎవడు ఎవణ్ణి వెక్కిరించాడో అక్కడే తెలిసేది. ఆ రోజుల వాట్సాప్ అనుకోండి.

ఆయనకి పేరు తెచ్చింది 'డ్యూక్ గారి స్నానం'. కొండంత డ్యూక్ ఒకడు స్నానాల తొట్టిలో ఇరుక్కుపోతే నౌకర్లు తాళ్ళు కట్టి లాగుతుంటారు. ఆ డ్యూక్‌కి ఒళ్ళు మండి అంగట్లో ఉన్న అచ్చులన్నీ కొని కాల్పించాడు. టిల్కాట్ మళ్ళీ ఇంకో రేకు చెక్కాడు. డ్యూక్ అదీ కొన్నాడు. అలా కొన్నాళ్ళు ఒక్క డ్యూకే టిల్కాట్ ఇల్లు గడిపాడు. తర్వాత జనానికి వెక్కిరింత మొహం మొత్తింది. టిల్కాట్ గుర్రాల పళ్ళ గురించిన పుస్తకానికి బొమ్మలు గీసుకుంటూ, అద్దెగదిలో, ఎవరికీ గుర్తులేకుండా పోయాడు.

దయచేసి ఈ ఉత్తరం మీ కమిటీకి చదివి వినిపించండి. సన్మానం రద్దు చేయించండి. వ్యాసం వేసుకోండి, చాలు.

ఇట్లు,
సూర్యప్రకాశరావు

తా.క. ఆయన పెళ్ళి చేసుకోలేదు. చీర మిగిలినట్టే.


మోరిస్‌విల్,
మార్చి 10.

పూజ్యులు డాక్టర్ గారికి,

మీ దుఃఖంలో మేమంతా పాలుపంచుకుంటున్నాం. మీరు చెప్పినట్టే మీ ఉత్తరం మీటింగ్‌లో చదివాను. "ఆయన పోయారు" అన్న చోటికి రాగానే భాస్కర్ గారు లేచి నిలబడ్డారు. ఆయన్ని చూసి అందరూ లేచారు. మౌనం పాటించాం. కూర్చునేసరికి ఎజెండాలో తర్వాతి అంశం, సమోసా ఎంత సైజు ఉండాలి అన్నది, మొదలైపోయింది. అది ఎంతకీ తెగలేదు.

సన్మానం రద్దు కాదండి. తీర్మానం పాసయ్యాక మనిషి పోయినంత మాత్రాన శాలువా వెనక్కి తీసుకోవడం మర్యాద కాదని భాస్కర్ గారు అన్నారు. అది మరణానంతర సన్మానంగా మారింది. మీ వ్యాసాన్ని 'మన కళాకారులు' విభాగం నుంచి 'శ్రద్ధాంజలి' విభాగానికి మార్చాం. స్టేజ్ మీద పెట్టడానికి ఒక ఫోటో కావాలి. నవ్వుతున్నది ఉంటే మరీ మంచిది. దండ మేము తెస్తాం.

మీరు ధైర్యంగా ఉండాలి. ప్రమోద ఆంటీకి కూడా చెప్పండి.

మృదుల

తా.క. సమితి వాట్సాప్ గ్రూప్‌లో కబురు పెట్టడం జరిగింది. నూట అరవై మంది చేతులు జోడించారు. ఎవరో పొరపాటున కేక్ బొమ్మ పెట్టారు, అది తీయించాను.


మోరిస్‌విల్,
మార్చి 19.

మృదుల గారికి,

నమస్కారం పెట్టాలో వద్దో తెలియని స్థితిలో రాస్తున్నాను.

నిన్నటికి మా ఫ్రిజ్‌లో చోటు లేదు. పప్పు వచ్చింది, పెరుగన్నం వచ్చింది, ఎవరో రెండు ట్రేల ఇడ్లీ గుమ్మంలో పెట్టి బెల్ కూడా కొట్టకుండా వెళ్ళిపోయారు. దుఃఖంలో ఉన్నవాళ్ళని కదిలించకూడదట. రాజారావు భార్యతో సహా వచ్చి సోఫాలో కూర్చున్నాడు. కేరీలో ఉండే ఇంజనీరు, నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. "ఎంత వయసు?" అన్నాడు. యాభై ఏడు అన్నాను, నిజం కాబట్టి. "అయ్యో, చిన్నవాడే. హార్టా?" అన్నాడు. "ఒరే, రెండు వందల ఏళ్ళ కిందట పోయాడురా" అన్నాను. రాజారావు భార్య వైపు తిరిగి, "షాక్‌లో ఉన్నాడు, కదిలించకు" అన్నాడు. ఆవిడ ప్రమోద చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ప్రమోదకి ఏం చేయాలో తోచక తనూ కాస్త ఏడ్చింది.

ఇది ఇక్కడితో ఆగలేదు. ఆదివారం మా పక్క వీధిలో స్మృతి వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. ప్రమోద పట్టుచీర ఇస్త్రీ చేయించుకుని సిద్ధంగా ఉంది. పొద్దున్నే ఆ అమ్మాయి ఫోన్ చేసి, "ఆంటీ, మీకు మైల కదా, ఏమీ అనుకోకండి, ప్రసాదం డ్రాప్ చేస్తాం" అంది. ఇంగ్లండ్‌లో జీన్లు కుట్టే వాళ్ళింట్లో పుట్టినవాడు పోతే మా ఇంటికి మైల ఎలా వస్తుందో భాస్కర్ గారే చెప్పాలి. ప్రమోద అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. టిల్కాట్ పేరెత్తితే గదిలోంచి లేచి వెళ్ళిపోతోంది.

ఇంతమంది వచ్చారు. ఒక్కరైనా ఆయన ఏం గీశాడని అడగలేదు. పన్ను పీకే బొమ్మ వాళ్ళ ఎదురుగా గోడమీదే ఉంది. దాని కింద కూర్చుని ఓదార్చి వెళ్ళారు.

నాకు ఈ సావనీర్ వద్దు. నా వ్యాసం నాకు తిరిగి పంపేయండి.

సూర్యప్రకాశరావు

తా.క. ఫోటో అడిగారు. ఫోటోలు అప్పటికి పుట్టలేదు. ఆయన తనని తాను గీసుకున్న బొమ్మ ఒక్కటే ఉంది. అందులో ఆయన గాడిదలా ఉన్నాడు. కావాలనే అలా గీసుకున్నాడు. మీరు నమ్మరని దాని నకలు పంపుతున్నాను. దండ వేయడానికి కాదు.


మోరిస్‌విల్,
ఏప్రిల్ 7.

పెద్దలు డాక్టర్ గారికి,

నమస్తే. జవాబు ఆలస్యమైనందుకు మన్నించండి. ఆఫీసులో రిలీజ్ ఉంది, పిల్లకి జ్వరం, కారుకి టైరు, అన్నీ ఒకేసారి వచ్చాయి. ఇది డెంటిస్ట్ దగ్గర కూర్చుని రాస్తున్నాను.

వ్యాసం తిరిగి పంపడం సాధ్యపడదు. ఆ విభాగానికి స్పాన్సర్ దొరికారు. ఇళ్ళు అమ్మే ఒకాయన ప్రతి పేజీ కిందా తన ఫోటో వేయించుకుంటున్నారు. పైగా శ్రద్ధాంజలి వ్యాసాలకి కత్తెర వేయకూడదని, వెనక్కి ఇవ్వకూడదని సమితిలో ఆనవాయితీ. టైపింగ్ పూర్తయింది. పద్నాలుగో పేజీలో ఫుట్‌నోట్ ఒకటి పక్క పేజీకి జారిపోతే వెనక్కి తెచ్చి పెట్టాను.

గాడిద బొమ్మ మీద మాత్రం కమిటీలో చర్చ జరిగింది. గాడిద గురించి ఎవరూ ఏమీ అనలేదు. పోయినవాళ్ళ మొహం గురించి మాట్లాడటం బావుండదు. కానీ ఆయన ఎవరికో కాగితం ఎడమచేత్తో ఇస్తున్నట్టుంది. దండ వేసే ఫోటోలో ఎడమచేత్తో ఇవ్వడం ఏమిటని రేణు గారు అడ్డుపడ్డారు. రాగి రేకు మీద గీసింది కాగితం మీద తిరగబడి పడుతుందని నేను చెప్పాను, ఎవరూ వినలేదు. రేణు గారే కంప్యూటర్‌లో బొమ్మని అటుదిటు తిప్పేశారు. ఇప్పుడు కుడిచేత్తో ఇస్తున్నారు. బొమ్మ కింద రాసిన ఇంగ్లీషు కూడా తిరగబడింది. పాతకాలం ఇంగ్లీషు అలాగే ఉంటుందని అందరూ ఒప్పుకున్నారు.

శాలువా అందుకోవడానికి దగ్గరి బంధువు ఎవరో ఒకరు ఉండాలి. ఇంతమంది పరామర్శించింది మిమ్మల్నే కాబట్టి మీ పేరే ఖాయం చేశారు. రెండు నిమిషాలు మాట్లాడవచ్చు. తర్వాత పిల్లల డాన్సు.

గౌరవంతో,
మృదుల

తా.క. బ్యానర్ ప్రింటయింది. పది అడుగుల గాడిద బాగానే వచ్చింది. కళ్ళల్లో ఆ తడి కూడా తెలుస్తోంది.


మోరిస్‌విల్,
జూన్ 2.

కార్యదర్శి గారికి,

అయిపోయింది కాబట్టి రాస్తున్నాను. ఇదే నా ఆఖరి ఉత్తరం.

మీరు తెరల వెనక పరిగెడుతున్నారు, బహుశా చూసి ఉండరు. భాస్కర్ గారు మైకు అందుకుని, టిల్కాట్ గారు తెలుగు జాతికి చేసిన సేవ మరువలేనిదన్నారు. నేను ఆ సేవ ఏమిటో వినాలని చెవులు రిక్కించాను. ఆయన తర్వాతి వాక్యం పార్కింగ్ గురించి చెప్పారు. శాలువా కప్పారు. పండ్ల బుట్ట ఇచ్చారు. నేను మైకు దగ్గరికి వెళ్ళి, "ఈయన బ్రిస్టల్‌లో పుట్టాడు" అన్నాను. హాలంతా లేచి నిలబడి మౌనం పాటించింది. ఆ నిశ్శబ్దంలో నేను మాట్లాడటం బావుండదని ఊరుకున్నాను. మౌనం అయ్యేసరికి నా రెండు నిమిషాలూ అయిపోయాయి. గజ్జెలు కట్టుకున్న పిల్లలు నా చుట్టూ చేరి, "అంకుల్, మూవ్, ప్లీజ్" అన్నారు.

స్టేజ్ దిగి వచ్చి మీ సావనీర్ ఏమవుతోందో చూశాను. హాల్లో ఏసీ చాలక కొందరు దాంతో విసురుకుంటున్నారు. కొందరు కుర్చీ మీద పెట్టి సీటు ఆపుకుంటున్నారు. ఒకాయన దాని మీద మిర్చి బజ్జీ పెట్టుకుని తింటున్నాడు. అటూ ఇటూ ఎంతసేపు తిరిగానో తెలియదు. ఒక్కరైనా తెరిచి చదువుతారేమోనని చూస్తున్నాను. ఒకామె తెరిచింది. నేను రెండడుగులు దగ్గరికి జరిగాను. ఆవిడ స్పాన్సర్ ఫోటో చూపించి, "మాకు ఇల్లు చూపించింది ఈయనే" అని పక్కావిడకి చెప్పి మూసేసింది.

నాకు కోపం లేదు. కోపం ఉంటే బావుండేది. ఇన్నేళ్ళు వెంటపడింది ఎవరికీ అక్కర్లేనిదని తెలిసింది, అంతే. నాకు బాధగా ఉంది. ప్రమోదకి ఆ మాట చెబితే చాలా రోజుల తర్వాత నా పక్కన వచ్చి కూర్చుంది. శనివారం టిల్కాట్ బొమ్మలన్నీ గోడల మీంచి దింపేస్తున్నాను. పుస్తకాలు లైబ్రరీ వాళ్ళు పాతవి అమ్మే సేల్‌కి ఇచ్చేస్తాను. మీరు ఇచ్చిన సావనీర్ ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా గరాజ్‌లో పెట్టాను. అది కూడా వాటితో పాటే పోతుంది.

సెలవు.
సూర్యప్రకాశరావు

తా.క. పండ్ల బుట్టలో అనాస ప్లాస్టిక్‌ది. కోయడానికి పోయి కత్తి పాడుచేసుకున్నాను.


మోరిస్‌విల్,
జూన్ 5.

డాక్టర్ గారికి,

నమస్తే. శనివారంలోగా ఇది మీకు చేరాలి. పోస్టుని నమ్ముకుంటే రాలీ చుట్టి వస్తుంది, అందుకని మొదటిసారి నియమం తప్పి మీ మెయిల్‌బాక్స్‌లో నేనే పెడుతున్నాను. దయచేసి చదివాకే గోడ ముట్టుకోండి.

డాక్టర్ గారూ, మీరు తప్పు రాశారు.

చివరి పేజీలో టిల్కాట్ ఆఖరి రేకు సంగతి రాశారు. అంగడి కిటికీలో వేలాడే బొమ్మల్ని చూస్తూ జనం గుమిగూడి ఉంటారు. అందరి మొహాలూ ఉన్నాయి, ముందు నిలబడిన ఒక్క మనిషికి మాత్రం మొహం ఉండాల్సిన చోట ఖాళీ కాగితం. కళ్ళు పోయాయి కాబట్టి టిల్కాట్ ఆ రేకు పూర్తి చేయలేకపోయాడని మీ తీర్మానం. ఆ పేజీ మీరు చాలా జాలిగా రాశారు. నాకు కూడా ఏడుపొచ్చింది. కానీ అది నిజం కాదు.

ఎందుకు కాదో మీరే ఆరో పేజీలో చెప్పారు. బొమ్మ పని అంతా ముగిశాకే, ఇక గీయాల్సింది ఏదీ లేదనుకున్నాకే, కింద పేరు, తేదీ చెక్కుతారని రాశారు. ఆఖరి రేకు కింద పేరు ఉంది, తేదీ ఉంది. చీమ కాళ్ళంత సన్నని అక్షరాలు, ఒక్కటి వంకర లేదు. అలా చెక్కగలిగినవాడికి కళ్ళు పోలేదు. పూర్తి కాకపోవడం కూడా కాదు. ఆయన ఆ మొహం కావాలనే వదిలేశాడు. అక్కడ ఎవరి మొహం ఉండాలో మీరు వ్యాసానికి జతచేసిన ఆ బొమ్మ ఫోటో చూస్తే తెలుస్తుంది. గోడమీద అద్దం బిగించి ఉన్నదాన్ని మీరు ఎదురుగా నిలబడి ఫోన్‌తో తీశారు. సరిగ్గా ఆ ఖాళీలో అద్దం మీద మీ మొహం పడింది, కళ్ళజోడుతో సహా. సావనీర్‌లో అలాగే అచ్చు వేయించాను. ప్రూఫులు చూసేటప్పుడు ప్రింటర్ దాన్ని క్లీన్ చేస్తానంటే వద్దన్నాను.

మీ వ్యాసం అందిన రోజే చదివాను. సాకర్ ఫీల్డ్ పక్కన మొదలుపెట్టి, ప్రాక్టీస్ అయ్యాక పిల్ల కారు అద్దం కొట్టేదాకా చదివాను. ఆఫీసులో నా ఉద్యోగం యూజర్ మాన్యువల్స్ రాయడం. ఎంత జాగ్రత్తగా రాసినా వాటిని ఎవరూ తెరవరు. ఏదైనా చెడిపోతే ఫోన్ చేసి నన్నే అడుగుతారు. "ఇక్కడ మీరు తప్పు" అని చెప్పేవాళ్ళు కావాలని మీరు రాశారు చూడండి, ఆ కోరిక ఎలాంటిదో నాకు తెలుసు.

సమితి నియమం ప్రకారం సావనీర్ వ్యాసం రెండు పేజీలు మించకూడదు, తెలుగువాళ్ళ గురించే ఉండాలి. ఉన్నదున్నట్టు చెబితే టిల్కాట్ గారిని గుమ్మంలోనే ఆపేస్తారు. సన్మానం పొందేవాళ్ళకి, పోయినవాళ్ళకి మాత్రమే పేజీల లెక్క లేదు, చదివి చూసేవాళ్ళూ లేరు. అందుకే పేరు చదివి అతిథిని చేశాను. అది కుదరదని మీరు రాశాక, "ఆయన పోయారు" వరకూ చదివి ఉత్తరం మడిచేశాను. వాళ్ళు లేచి నిలబడ్డారు. నేను కూడా నిలబడ్డాను. మీ ఫ్రిజ్ నిండిపోతుందని, ప్రమోద ఆంటీకి వ్రతం తప్పిపోతుందని మాత్రం ఊహించలేదు. ఆవిడ దగ్గరికి వచ్చి నేనే మాట్లాడతాను. కానీ మీ వ్యాసం ఒక్క అక్షరం పోకుండా అచ్చయింది, అందుకు నేను క్షమాపణ చెప్పను.

ఎవరూ తెరవలేదని రాశారు. కవరు విప్పకుండా గరాజ్‌లో పెట్టింది మీరే. ముందు మీరు తెరవండి. చివరి పేజీ తీసి, నేను చెప్పింది తప్పయితే రాయండి.

మృదుల

తా.క. నిన్నటి మీటింగ్‌లో కొత్త తీర్మానం పాసైంది. దగ్గరి బంధువులు మీరే కాబట్టి, టిల్కాట్ గారి సంవత్సరీకం మీ ఇంట్లో. ఉల్లి, వెల్లుల్లి లేకుండా.